ఉతకని స్వెట్టర్

పైన గదిలో దబ్బుమని చప్పుడైంది.

తూనీగ చేతిలోని హ్యాంగర్లను కౌంటరు మీద పడేసి మెట్ల వైపు పరిగెత్తింది. పదేళ్ల ఆ అమ్మాయికి ఒకచోట కాలు నిలవదు. అందుకే ఇంట్లో అందరూ తూనీగ అంటారు. కింద వాళ్ల లాండ్రీ, పైన ఇల్లు. రెండింటికీ మధ్య ఇరుకైన మెట్లు.

ఆ మెట్ల మధ్యలో జడ్జిగారు కూర్చుని ఉంది. జడ్జిగారు అంటే బూడిద రంగు పిల్లి. సగం మూసిన కళ్లు, కదలని మొహం, పొట్ట కింద పొందిగ్గా మడుచుకున్న పాదాలు. దాని గొంతు పెద్దగా విన్నవాళ్లు లేరు. తూనీగ దాన్ని దాటుకుని పైకెక్కి తలుపు తోసింది.

గుమ్మంలోనే ఆగిపోయింది.

కిటికీ కింద దూది వెల్లకిలా పడి ఉంది. తెల్లగా, చిన్నగా ఉండే దూది మీద నల్లటి బొగ్గు ఎక్కి కూర్చుంది. బొగ్గు ఒకప్పుడు వీధిలో తిరిగిన పిల్లి. చెవి కొస చిరిగి ఉంటుంది. దాని పళ్లు సరిగ్గా దూది మెడ మీద ఉన్నాయి.

"వదులు! వదలరా దాన్ని!"

బొగ్గు ఉలిక్కిపడి పక్కకు గెంతింది. దూది లేచి ఒళ్లు దులుపుకుంది. తర్వాత మెల్లిగా బొగ్గు వైపే నడవబోయింది. తూనీగ దాన్ని చటుక్కున ఎత్తుకుంది. అప్పుడు కనిపించింది దూది ముక్కు మీద సన్నటి ఎర్రటి గీత. గోరు గీరిన గాయం.

"నువ్వేనా?" అంది తూనీగ బొగ్గు వైపు తిరిగి.

బొగ్గు ఆవులించింది.

కేసు తేలిపోయింది అనుకుంది తూనీగ.

కింద నాన్న చొక్కా కాలరుకి ఇస్త్రీ చేస్తున్నాడు. ఆవిరి బుస్సుమంటోంది. అమ్మ కస్టమర్ల బట్టల మూటలకు చీటీలు గుచ్చుతోంది. "మరక ఉంది", "చన్నీళ్లు", "ఇస్త్రీ మాత్రమే" అని ఒక్కో మూటకు ఒక్కో చీటీ. అన్నయ్య సాక్సులను జత చేస్తున్నాడు.

"బొగ్గు దూదిని చంపేసేలా ఉంది!" అంది తూనీగ రొప్పుతూ.

"సాక్ష్యం?" అన్నాడు అన్నయ్య, చేతిలోని సాక్సును మైకులా పట్టుకుని.

"చాలా ఉంది. పీక కొరుకుతుంటే నేను చూశాను. ముక్కు మీద గాయం చూడు. ఇంకా, రోజూ మెట్లు దిగేటప్పుడు వాడు దూదిని గోడకేసి నొక్కేస్తాడు. పడుకునేటప్పుడు దాని తువ్వాలు మీదికొచ్చి, దాని మీదే పడుకుంటాడు. ఇది ఎంతుంది, వాడు ఎంతున్నాడు!"

అమ్మ గాయాన్ని దగ్గరగా చూసింది. మొహం చిన్నబోయింది. "అయ్యో, నిజమేనే. కొంచెం పైకి తగిలుంటే కంటికి తగిలేది."

సరిగ్గా అప్పుడే ఎదురింటి బేకరీ మామయ్య ఏప్రన్ల మూటతో లోపలికొచ్చాడు. మాటలన్నీ విన్నాడు.

"మీకు వద్దనుకుంటే నాకివ్వమ్మా," అన్నాడు అమ్మతో. "ఊరవతల నా గోడౌన్లో ఎలుకలు పిండి సంచుల్లో కాపురాలు పెట్టేశాయి. రేపు సాయంత్రం వ్యాను వెళ్తుంది. అందులో పంపించేస్తాను. అంతదాకా బేకరీలో ఉంచుకుంటా. పాలూ, చోటూ, దేనికీ లోటుండదు."

ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి నాన్న కూతురి వైపు చూశాడు.

"ఒకసారి పంపిస్తే తిరిగి రాడు. బాగా ఆలోచించి చెప్పు. ఖాయంగా కొట్టిందా?"

"నా కళ్లతో చూశాను నాన్నా. కొట్టింది."

బొగ్గును మూతబుట్టలో పెట్టారు. అది గింజుకోలేదు, అరవలేదు. బుట్ట గుమ్మం దాటుతుంటే, మెట్ల పైన నిలబడి దూది ఒక్కసారి "మ్యావ్" అంది.

"చూశావా, ఎంత సంతోషంగా ఉందో!" అంది తూనీగ.

కానీ ఆ గొంతు సంతోషంగా ఉన్నట్టు లేదు. ఎందుకో ఆమెకు అర్థం కాలేదు.

వెంటనే ఇంకో పని పెట్టుకుంది. దూది పడుకునే నీలం తువ్వాలు నిండా నల్లటి వెంట్రుకలే. దాన్ని రెట్టింపు సబ్బు వేసి, రెండుసార్లు ఉతికింది. బొగ్గు గుర్తు ఒక్కటి కూడా మిగలకూడదు. నాన్న మురిసిపోయాడు. ఆ ఇంట్లో మురికి బట్టకు నిలవనీడ ఉండదు. తలగడ గలీబు మీద చిన్న మచ్చ పడ్డా నాన్నకు అన్నం సహించదు.

"శభాష్! నా కూతురివి అనిపించావు."

"అవునూ, నీ స్కూలు స్వెట్టరేదే? ఈమధ్య కనపడటం లేదు," అంది అమ్మ.

తూనీగ చూపు తిప్పుకుంది. "స్కూల్లో ఉందమ్మా."

స్కూల్లో లేదు. దాని మీద అరచేయంత ఇంకు మరక ఉంది. లాండ్రీవాళ్ల అమ్మాయి స్వెట్టరు మీద ఇంకు మరక! అమ్మ చూస్తే చీవాట్లు ఖాయం. అందుకే దాన్ని ఎక్కడ పడేసిందో తూనీగ ఎవరికీ చెప్పలేదు.

ఉతికి ఆరేసిన తువ్వాలును వెచ్చగా ఉండగానే మడిచి దూది ముందు పరిచింది. దూది వచ్చింది. ఒక మూల వాసన చూసింది. ఇంకో మూల చూసింది. దాని మీద అడుగు కూడా పెట్టకుండా వెనక్కి తిరిగింది. కుర్చీ మీదికి, అక్కడినుంచి బీరువా పైకి ఎగిరి, గోడ మూలకు పోయి ముడుచుకుంది.

ఆ సాయంత్రం అన్నానికి కిందికి దిగలేదు.

మర్నాడు ఆదివారం. పొద్దున కూడా దిగలేదు. తూనీగ బీరువా కింద నిలబడి బతిమాలింది, బుజ్జగించింది, చివరికి కోప్పడింది. పైనుంచి రెండు కళ్లు చూశాయి, అంతే.

తూనీగకు బుర్ర తిరిగిపోయింది. కొట్టేవాడు పోయాడు. భయం పోయింది. ఇప్పుడు ఎగిరి గంతెయ్యాలి కదా? మరి ఇదేంటి?

కౌంటరు దగ్గర పశువుల డాక్టరమ్మ తన తెల్ల కోట్లు తీసుకుంటోంది. తూనీగ గబగబా అంతా చెప్పేసింది. డాక్టరమ్మ కోట్లు చేతి మీద వేసుకుని విన్నది.

"సాయంత్రానికి కూడా తినకపోతే క్లినిక్‌కి పట్టుకురా. సరే, ఒకటి చెప్పు. బొగ్గు దూదిని కొట్టిందా? లేక రెండూ కొట్టుకున్నాయా?"

"రెండూ ఒకటే కదండీ?"

"ఒకటేనా? మీ అన్నయ్యా నువ్వూ ఎప్పుడూ కొట్టుకోరా?"

"మేం కొట్టుకోం డాక్టరమ్మా. ఇదే నన్ను కొడుతుంది," అన్నాడు అన్నయ్య వెనకనుంచి. తూనీగ వాడి వీపు మీద ఒక్కటిచ్చింది. "చూశారా? సాక్ష్యం!" అన్నాడు వాడు.

డాక్టరమ్మ నవ్వింది. "నిన్న అరుపులు వినపడ్డాయా? బుసలు కొట్టాయా? చెవులు వెనక్కి అతుక్కుపోయాయా?"

తూనీగ గుర్తు తెచ్చుకుంది. దబ్బుమని చప్పుడు వినిపించింది. ఆ తర్వాత ఏ అరుపూ లేదు.

"లేదండీ. కానీ పైన ఎక్కింది బొగ్గే."

"అంతకు ముందు పైన ఎవరున్నారు?"

అంతకు ముందు ఏం జరిగిందో తూనీగకు తెలియదు. చప్పుడయ్యాక కదా వెళ్లింది!

"మరి వదిలాక దూది పారిపోయిందా?"

పారిపోలేదు. బొగ్గు వైపే నడవబోయింది. తూనీగే ఎత్తేసుకుంది.

"అలాగైతే ముక్కు మీద గాయం ఎవరు చేశారండీ?"

"అది నాకెలా తెలుస్తుంది? నేను మీ ఇంట్లో ఉండనుగా. నువ్వు చూడు. కాకపోతే, కదలకుండా కూర్చుని చూడాలి."

"అయిపోయింది," అన్నాడు అన్నయ్య. "ఇదా? కదలకుండానా?"

తూనీగ పంతం పట్టింది. మెట్ల పైన తలుపు వెనక నక్కి కూర్చుంది. కాలు తిమ్మిరెక్కింది. వీపు దురద పెట్టింది. కదల్లేదు. మెట్ల మధ్యలో జడ్జిగారు ఎప్పటిలాగే కునుకు తీస్తోంది.

చాలాసేపటికి బీరువా మీద అలికిడైంది. దూది దిగింది. ఆకలికి పొట్ట లోపలికి పోయింది. అడుగులో అడుగు వేస్తూ మెట్ల దగ్గరికి వచ్చింది. కింద, వాషింగ్ మెషిన్ల పక్కన, మూడు గిన్నెలూ వరసగా ఉన్నాయి. చేప వాసన పైదాకా వస్తోంది.

జడ్జిగారు కళ్లు తెరిచింది.

అరవలేదు. లేవలేదు. ఊరికే చూసింది. తోక కొస మాత్రం టిక్, టిక్ మని కొట్టుకుంటోంది. దూది నేలకు అతుక్కుపోయింది. కాసేపు ఆగి, గోడ వారగా జారుకోబోయింది. మెరుపులా జడ్జిగారి పంజా లేచింది. ఫట్! చప్పుడు కూడా సరిగ్గా వినపడలేదు. దూది తోక ముడిచి బీరువా మీదికి ఒకటే పరుగు.

జడ్జిగారు మళ్లీ కళ్లు మూసుకుంది. ఏమీ ఎరగనట్టు!

జడ్జిగారా? ఎప్పుడూ ఎవరి జోలికీ వెళ్లని జడ్జిగారా?

అప్పుడు ఇంకో విషయం తట్టింది. రోజూ మెట్లు దిగేటప్పుడు బొగ్గు దూదిని గోడకేసి నొక్కేది. జడ్జిగారు కూర్చునేది ఎటు వైపు? ఇవతలి వైపు. బొగ్గు నడిచేది? మధ్యలో. దూది? అటు, గోడ పక్కన.

నొక్కడం కాదు అది. అడ్డుగా నిలబడటం.

"అమ్మా!" అంటూ తూనీగ ఒక్క ఉదుటున లేచింది. తిమ్మిరెక్కిన కాలు ముడుచుకుపోయి, సగం మెట్లు కూర్చునే దిగింది.

వీధిలో హారన్ మోగింది. బేకరీ ముందు పిండి వ్యాను నిలబడి ఉంది. సాయంత్రం రావాల్సింది మధ్యాహ్నమే వచ్చేసింది. డ్రైవరు ఖాళీ ట్రేలు ఎక్కిస్తున్నాడు. ముందు సీటు మీద మూతబుట్ట.

"మామయ్యా! ఆపండి! బొగ్గు వెళ్లకూడదు!"

"అదేంటే? నువ్వే కదా సాక్షివి?"

తూనీగ చెవులు వేడెక్కాయి. వెనకే అమ్మ వచ్చి నిలబడింది. డ్రైవరు కూడా వింటున్నాడు.

"నేను పూర్తిగా చూడలేదు మామయ్యా. పూర్తిగా చూసినట్టు చెప్పాను. గీరింది బొగ్గు కాదు, జడ్జిగారు."

అమ్మ తూనీగ భుజం మీద చెయ్యి వేసింది. "కాసేపు ఆగండన్నయ్యా. ఒకసారి రెండిటినీ కలిపి చూస్తాం."

"సరే, ట్రేలు ఎక్కించేలోపు తేల్చండి. నిన్నటినుంచి వీడు చేసిన పని ఒక్కటే. పిండి సంచి మీద కూర్చుని మీ కిటికీ వైపు చూడటం. నా ఎలుకలు వీడి ముందునుంచే షికారుకెళ్లాయి. కానీ మళ్లీ గొడవైందంటే మాత్రం నా దగ్గరికే రావాలి. ఇస్తామని, వద్దని, రోజుకో మాటైతే కుదరదమ్మా."

బుట్ట పైకి తెచ్చారు. మూత తీశారు. బొగ్గు బయటికి దూకింది. చెవులు నిక్కబొడుచుకుని, తోక నిటారుగా లేపి, బీరువా వైపు పరుగులాంటి నడకతో వెళ్లింది. దూది కిందికి గెంతింది. తూనీగ చప్పట్లు కొట్టబోయింది.

దూది వీపు విల్లులా వంచింది.

"హ్‌స్స్‌స్!"

బొగ్గు ఆగిపోయింది. ఒక అడుగు ముందుకు వేసింది. దూది మళ్లీ బుసకొట్టింది. ఇంకా గట్టిగా.

"అయ్యో రామా," అంది అమ్మ.

"కేసు మళ్లీ మొదటికొచ్చింది," అన్నాడు అన్నయ్య. ఈసారి వాడి గొంతులో ఎగతాళి లేదు.

వీధిలో హారన్ మళ్లీ మోగింది.

తూనీగకు ఏడుపొచ్చింది. స్నేహితులే అయితే బుస ఎందుకు? శత్రువులైతే అన్నం మానెయ్యడం ఎందుకు? తను చూసిందంతా మళ్లీ తప్పేనా? అమ్మ వంగి బుట్ట అందుకుంది.

"ఒక్క నిమిషం అమ్మా. చూడనివ్వు."

నేల మీద కూర్చుంది. చేతులు తొడల కింద పెట్టుకుని చూసింది.

దూది కళ్లు బొగ్గును వదలడం లేదు. పారిపోవడం లేదు. ముక్కు మాత్రం టపటపా అదురుతోంది. గాలి పీలుస్తోంది, బుసకొడుతోంది. మళ్లీ పీలుస్తోంది. తూనీగ కూడా గాలి పీల్చింది. వెన్న, పంచదార, మాడిన బిస్కెట్టు. బొగ్గు ఒళ్లంతా బేకరీ!

చూపుకు బొగ్గే. వాసనకు మాత్రం ఎవరో కొత్తవాడు.

నీలం తువ్వాలు గుర్తొచ్చింది. దూది నాలుగు మూలలూ వెతికింది బొగ్గు వాసన కోసమా? రెట్టింపు సబ్బుతో దాన్ని పోగొట్టింది తనే కదా!

"అమ్మా, బొగ్గూ దూదీ పడుకున్న గుడ్డ ఏదైనా ఉందా? ఉతకనిది?"

"మనింట్లోనా? ఉతకనిదా?" అంది అమ్మ. "మీ నాన్న ఉంచితేగా!"

పరుపు దుప్పటి నిన్ననే ఉతికారు. సోఫా కవరు మొన్న. కాళ్లు తుడుచుకునే పట్టా పొద్దున. తూనీగ గది నలుమూలలా చూసింది. నిన్నటినుంచి దూది ఎక్కడ పడుకుంది? బీరువా మీద. అన్ని చోట్లూ వదిలేసి అక్కడే ఎందుకు? అక్కడ ఏముందని?

ఏముందో తూనీగకు తెలుసు. ఆమెకు ఒక్కదానికే తెలుసు.

అమ్మ పక్కనే ఉంది. మెట్లెక్కుతున్న నాన్న చెప్పుల చప్పుడు వినిపిస్తోంది. తూనీగ ఒక్క క్షణం తటపటాయించింది. తర్వాత కుర్చీ ఎక్కి, బీరువా పైన గోడ మూలకు చెయ్యి చాపింది. స్కూలు స్వెట్టర్ని కిందికి లాగింది.

ఇంకు మరక అరచేయంత. మిగతాదంతా వెంట్రుకలే. నల్లవి, తెల్లవి, విడదీయలేనంతగా కలిసిపోయి ఉన్నాయి.

"ఇది స్కూల్లో ఉందన్నావుగా?" అంది అమ్మ.

"అబద్ధం చెప్పానమ్మా. తిట్లు తర్వాత తింటాను. ముందు ఇది చూడనివ్వు."

తూనీగ స్వెట్టరుతో బొగ్గు వీపు రుద్దింది. బుగ్గలు రుద్దింది. చెవుల వెనక, మెడ కింద, తోక దాకా రుద్దింది. తర్వాత స్వెట్టర్ని రెండు పిల్లుల మధ్య పరిచి వెనక్కి జరిగింది.

దూది మెడ చాచింది. స్వెట్టరు వాసన చూసింది. ఒక అడుగు వేసింది. బొగ్గు కదల్లేదు. కళ్లు మెల్లిగా మూసి తెరిచింది. దూది ఇంకో అడుగు వేసింది. ముక్కుకు ముక్కు తగిలింది.



దూది తల వంచి బొగ్గు గడ్డం కిందికి దూర్చింది. బొగ్గు దాని మెడను పళ్లతో మెత్తగా పట్టుకుని నాకడం మొదలుపెట్టింది. నిన్న తూనీగ చూసింది సరిగ్గా ఆ చోటే.

అమ్మ కిటికీ తెరిచి కేకేసింది. "అన్నయ్యా! మీ బండిని పోనివ్వండి. మా వాడు మాకు కావాలి!"

"నా ఎలుకలు పార్టీ చేసుకుంటాయిలే!" అని కిందినుంచి వినిపించింది. వ్యాను కదిలిపోయింది.

"మరి జడ్జిగారికి శిక్ష ఏంటి?" అన్నాడు అన్నయ్య.

తూనీగ మెట్ల వైపు చూసింది. జడ్జిగారు తన మెట్టు మీద ఒంటరిగా కూర్చుని ఉంది. ఆ ఇంట్లో దానికంటూ ఉన్నది ఆ ఒక్క మెట్టే.

"శిక్షేం లేదు. ఆ మెట్టు దానిదే. దూది గిన్నె పైన పెడదాం. రావడం, పోవడం లేకపోతే గొడవెందుకు?"

తిట్లు మాత్రం ఆ రాత్రి భోజనాల దగ్గర దండిగానే పడ్డాయి. తూనీగ నోరు మూసుకుని తినేసింది. అన్నంతో పాటు.

* * *

కొన్నాళ్లకు నాన్న వాషింగ్ మెషిన్ మూత తెరిచి, చేతిలో ఏదో పట్టుకుని నిలబడ్డాడు. లోపల వేయలేడు, చేతిలో ఉంచుకోలేడు. మొహం చూస్తే పంటి నొప్పి వచ్చినవాడిలా ఉన్నాడు.

"ఏంటి నాన్నా?" అంది తూనీగ.

"ఇంకు మరకే, వెంట్రుకలే… ఒక్కసారి. ఒక్కసారి ఉతికేస్తే…"

"చీటీ చదవలేదా?"

స్వెట్టరు మెడకు లాండ్రీ చీటీ గుచ్చి ఉంది. తూనీగ చేతిరాత, పెద్ద పెద్ద అక్షరాలు: "ఉతకకూడదు. బొగ్గు, దూది."

నాన్న పెద్ద నిట్టూర్పు విడిచి స్వెట్టర్ని తిరిగి ఇచ్చేశాడు. "కస్టమరు మాట కాదనలేం కదా."

అంతలో పైన గదిలో దబ్బుమని చప్పుడైంది.

తూనీగ స్వెట్టరుతో సహా మెట్ల వైపు పరిగెత్తింది. జడ్జిగారిని దాటుకుని పైకెక్కి తలుపు తోసింది. కిటికీ కింద దూది వెల్లకిలా పడి ఉంది. బొగ్గు దాని మీదుంది. పళ్లు మెడ మీదున్నాయి.

తూనీగ అరవలేదు. గుమ్మంలోనే చతికిలబడి, స్వెట్టర్ని ఒళ్లో పెట్టుకుంది.

దూది వెనక కాళ్లతో ఒక్కటి తన్నింది. బొగ్గు దొర్లింది. ఇప్పుడు దూది పైన, బొగ్గు కింద.

"ఏమైందే?" కిందినుంచి అన్నయ్య అరిచాడు. "ఎవరు ఎవర్ని కొట్టారు?"

"ష్! ఆగన్నయ్యా," అంది తూనీగ, కళ్లు తిప్పకుండానే. "ఇంకా చూస్తున్నాను."